హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంత క్రైస్తవ బోధలో అంత్యకాల ప్రవచనాలు – ప్రపంచ రాజకీయాలు: ఒక పరిశీలన

1. ప్రవేశిక

2022 ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఉక్రెయిన్‌లో ప్రవేశించినప్పుడు, 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైనప్పుడు, 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌లు పన్నెండు రోజులు పరస్పరం దాడులు చేసుకొన్నప్పుడు తెలుగు క్రైస్తవ ప్రసంగాలలో ఒకే అధ్యాయం మళ్ళీ మళ్ళీ వినిపించింది. అది యెహెజ్కేలు గ్రంథంలోని 38వ అధ్యాయం. గోగు ఎవరు, మాగోగు ఏది, పారసీక దేశం ఎవరి పక్షాన వస్తుంది అన్న ప్రశ్నలు వేదాంత కళాశాలల గోడలు దాటి ఊరి సువార్త కూటాలకు, చేతిలోని ఫోను తెరకు చేరి చాలాకాలమైంది. ఈ బోధకు దక్షిణ రాయలసీమ పట్టణాలైన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మినహాయింపు కావు.

ప్రవచన వాక్యాన్ని వార్తాపత్రికతో జతచేసి చదివే ఈ పద్ధతిని శ్రోతలు బైబిలు సూటిగా చెప్పిన మాటగానే స్వీకరిస్తారు. నిజానికి దానికొక పుట్టుక, ఒక ప్రయాణమార్గం ఉన్నాయి. అది తెలుగు నేలకు వచ్చిన అనేక క్రైస్తవ వ్యాఖ్యాన సంప్రదాయాలలో ఒకటి మాత్రమే. ఆ మార్గాన్ని గుర్తించి, ఆ బోధకు ఆధారమైన వాక్యాలను తెలుగు బైబిలులోని మాటల వెలుగులో తిరిగి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండవ రాకడ విశ్వాసాన్ని సమర్థించడం గాని ఖండించడం గాని దీని లక్ష్యం కాదు.

2. ఒకే జిల్లా, రెండు ఎదురుచూపులు

1882లో బళ్ళారి జిల్లా నుండి విడివడి అనంతపురం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ మూడు పట్టణాలు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఈ ప్రాంతంలో ప్రొటెస్టంటు సువార్త సేవ ప్రధానంగా రెండు దిక్కుల నుండి సాగింది.

మొదటిది లండన్ మిషనరీ సొసైటీ. 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో స్థిరపడిన ఈ సంస్థ పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో గుత్తికి, అనంతపురానికి విస్తరించింది. 1795లో ఫ్రెంచి విప్లవపు నడిమధ్యన ఈ సొసైటీ పుట్టింది. 1798లో ఫ్రెంచి సేనాని బెర్తియే రోము నగరాన్ని ఆక్రమించి పోపు ఆరవ పయస్‌ను వెళ్ళగొట్టినప్పుడు ఇంగ్లండులోని ప్రొటెస్టంటు వ్యాఖ్యాతలు పలువురు దానిని దానియేలు ప్రవచన నెరవేర్పుగా ప్రకటించారు. వర్తమాన రాజకీయాన్ని ప్రవచనంగా చదవడం నిన్న మొన్నటి టెలివిజను బోధకుల కల్పన కాదని ఇక్కడే గ్రహించాలి. అయితే ఆనాటి నిర్ధారణ ఆశతో కూడినది. సువార్త లోకమంతటా వ్యాపించి, జ్ఞానం, నీతి పెరిగి, ఆ పిమ్మట క్రీస్తు వస్తాడని వారు భావించారు. వెయ్యేండ్ల పాలన ముందు, రాకడ తరువాత అన్నమాట. సొసైటీ స్థాపకులలో ఒకడైన డేవిడ్ బోగ్ 1818లో వెయ్యేండ్ల పాలనపై ఒక ఉపన్యాస గ్రంథమే ప్రచురించాడు. బడులు, ముద్రణాలయాలు, ఆసుపత్రులు ఈ ఆశకు సహజమైన కార్యక్రమాలు.

రెండవది 1893లో బెంజమిన్ డేవిడ్‌సన్ స్థాపించిన సిలోన్ అండ్ ఇండియా జనరల్ మిషన్. పెనుకొండ, హిందూపురం వైపు దక్షిణ తాలూకాలు దీని తెలుగు సేవాక్షేత్రం. ఇది ఏ ఒక్క సంఘశాఖకూ చెందక, నిర్ణీత జీతాలు లేక, విశ్వాసుల కానుకలపై ఆధారపడిన ‘ఫెయిత్ మిషన్’ల తరానికి చెందినది. ఆ తరానికి మార్గదర్శి 1865లో హడ్సన్ టేలర్ ప్రారంభించిన చైనా ఇన్‌లాండ్ మిషన్. ఈ తరహా మిషన్లలో ప్రబలమైన భావన మొదటి దానికి పూర్తిగా తలక్రిందులు: లోకం బాగుపడదు, చెడిపోతుంది, క్రీస్తు ముందు వస్తాడు, వెయ్యేండ్ల పాలన తరువాత వస్తుంది, కనుక మిగిలిన కొద్ది కాలంలో వీలైనంత మందికి సువార్త అందించాలి. ఈ మిషన్ 1968లో మరొక మిషన్‌తో కలిసి ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఫెలోషిప్ అయింది. 1989లో అదీ ‘సిమ్’ అనే అంతర్జాతీయ మిషన్‌లో విలీనమైంది.

లండన్ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో భాగమై, రాయలసీమ అధ్యక్ష మండలంలో ఉన్నాయి. ఆ సంఘం ఒప్పుకొనే నీసియ విశ్వాస ప్రమాణం క్రీస్తు తిరిగి వస్తాడనీ తీర్పు తీరుస్తాడనీ చెప్పి ఆగుతుంది. కాలపట్టిక ఇవ్వదు. రోమను కతోలిక సంఘం మరింత స్పష్టంగా, క్రీస్తు కంటికి కనిపించే రూపంలో వచ్చి ఈ భూమిపై రాజ్యమేలుతాడన్న బోధ క్షేమకరం కాదని 1944లోనే నిర్ణయించింది. 1992 నాటి సత్యోపదేశ గ్రంథమూ వెయ్యేండ్ల పాలనా వాదాన్ని నిరాకరించింది. అనంతపురం నుండి ధర్మవరం మీదుగా హిందూపురం వెళ్ళే రైలు దారి పొడవునా క్రైస్తవులందరూ ఒకే రాకడను నమ్ముతున్నారు గాని, దాని క్రమాన్ని ఒకే రకంగా నమ్మడం లేదు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో స్వతంత్ర సంఘాలు, పెంతెకొస్తు సంఘాలు విస్తరించాక రెండవ ధార బోధే ‘క్రైస్తవ బోధ’గా బయటి వారికి వినిపిస్తున్నది.

3. ‘రోషు’ ప్రయాణం

ఆ రెండవ ధారలో వార్తాపత్రికకు చోటు కల్పించినవాడు జాన్ నెల్సన్ డార్బీ (1800–1882). ఇశ్రాయేలుకు, సంఘానికి దేవుడు వేర్వేరు ప్రణాళికలు ఏర్పరచాడనీ, దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బది వారాలలో చివరి వారం ఇంకా రాలేదనీ, అది మొదలయ్యే ముందు సంఘం పరలోకానికి ఎత్తబడుతుందనీ ఆయన బోధించాడు. దీనికి యుగవిభజన సిద్ధాంతమని పేరు. 1909లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ప్రచురించిన సి.ఐ. స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిలు దీనిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. వాక్యం పైన, వివరణ అదే పుటలో క్రింద. సామాన్య పాఠకుడికి ఎక్కడ వాక్యం ముగిసి ఎక్కడ వ్యాఖ్య మొదలైందో గుర్తుండదు. యెహెజ్కేలు 38కి స్కోఫీల్డ్ ఇచ్చిన వివరణలో గోగు సైన్యానికి నాయకత్వం రష్యాది.

ఈ గుర్తింపు ఒక్క హీబ్రూ మాట మీద నిలిచింది. ‘రోష్’ అంటే తల, ప్రధానుడు. దానిని విశేషణంగా తీసుకొంటే గోగు ‘మెషెకు, తుబాలులకు ప్రధానాధిపతి’ అవుతాడు. 1611 నాటి ఆంగ్ల అనువాదం ఈ మార్గం పట్టింది. దేశనామంగా తీసుకొంటే ‘రోషు, మెషెకు, తుబాలు’ అనే మూడు పేర్లు వస్తాయి. ప్రాచీన గ్రీకు అనువాదం, 1885 నాటి సవరించిన ఆంగ్ల అనువాదం ఈ రెండవ మార్గంలో నడిచాయి. తెలుగు పాత అనువాదం కూడా ‘రోషు’ను పేరుగానే ఉంచింది. కాబట్టి ఆంగ్ల బైబిలు చదివే బోధకుడు వివరణ మీద ఆధారపడి చెప్పవలసిన విషయం తెలుగు శ్రోతకు మూలవాక్యంలోనే ఉన్నట్లు తోస్తుంది. ‘రోషు’, ‘రష్యా’ శబ్దాలు తెలుగు చెవికి మరీ దగ్గర. తెలుగులో ఈ బోధ సులభంగా నాటుకొనడానికి ఈ అనువాద నిర్ణయం ఎంత తోడ్పడిందన్నది పరిశోధకులు ప్రత్యేకంగా పట్టించుకోదగిన విషయం.

శబ్దసామ్యం చరిత్ర ముందు నిలవదు. ‘రుస్’ అనే జాతినామం లిఖిత ఆధారాలలో క్రీ.శ. తొమ్మిదో శతాబ్దిలో కనబడుతుంది, యెహెజ్కేలు క్రీ.పూ. ఆరో శతాబ్ది ప్రవక్త. మెషెకు మాస్కో అనీ తుబాలు టోబోల్స్క్ అనీ చెప్పడం మరీ విడ్డూరం. టోబోల్స్క్ పట్టణం పుట్టిందే 1587లో. అస్సీరియా శాసనాలలోని ముష్కి, తబల్ జాతులు నేటి టర్కీ నేలకు చెందినవి.

అంతకంటె ముఖ్యమైనది గోగు మార్చిన వేషాల చిట్టా. నాల్గవ శతాబ్దిలో మిలాను అధ్యక్షుడు అంబ్రోసుకు గోగు అంటే గోతులు. 1530లో లూథరుకు తురుష్కులు. క్రిమియా యుద్ధకాలంలో, 1855లో, లండను బోధకుడు జాన్ కమింగ్‌కు రష్యా. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ యూనియను. అది 1991లో కూలిపోయాక కొంతకాలం మరుగున పడి, 2022లో మళ్ళీ రష్యాగా తిరిగి వచ్చాడు. పారసీక దేశం సంగతీ ఇంతే. 1979 విప్లవానికి ముందు ఇరాన్, ఇజ్రాయెల్‌ల మధ్య సత్సంబంధాలుండేవి. ఆ రోజుల్లో ఇబ్బంది కలిగించిన మాట నేడు తిరుగులేని రుజువుగా చలామణి అవుతున్నది. మరొక చిక్కు ప్రకటన గ్రంథంలోనే ఉన్నది. అక్కడ గోగు, మాగోగులు ఒక దిక్కు నుండి కాక భూమి నలుదిశల నుండి, అదీ వెయ్యేండ్ల తరువాత వస్తారు (ప్రక. 20:7–8). యోహాను ఆ పేరును ఒక దేశపు చిరునామాగా కాక దేవుని ప్రజలకు ఎదురు నిలిచే సమస్త శక్తులకు సంకేతంగా వాడినట్లు దీనివలన స్పష్టమవుతుంది.

4. కొమ్ములు, మాచిపత్రి, ముద్ర

ఇతర ఉదాహరణలను క్లుప్తంగా చూడవచ్చు. 1957 రోము ఒప్పందంతో ఆరు దేశాల ఐరోపా ఆర్థిక సమాజం ఏర్పడగా, 1981లో గ్రీసు పదవ సభ్యదేశమైనప్పుడు దానియేలు చూచిన పది కొమ్ములు పూర్తయ్యాయని బోధకులు ప్రకటించారు. 1986కు సభ్యులు పన్నెండయ్యారు. నేడు ఐరోపా సమాఖ్యలో 27 దేశాలున్నాయి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన నలుబది ఏండ్లకు అంతమని లెక్కవేసినవారికి 1988 సాధారణ సంవత్సరంగానే గడిచిపోయింది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణుకేంద్రం ప్రేలినప్పుడు ఆ ఊరి పేరుకు ఉక్రెయినీ భాషలో ఉన్న మొక్క అర్థాన్ని బట్టి ప్రకటన 8:11లోని నక్షత్రం నెరవేరిందన్నారు. తెలుగు బైబిలులో ఆ నక్షత్రం పేరు మాచిపత్రి. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రులలో మొదటిదీ అదే. ఒక ఇంట తీర్పుకు గుర్తయిన చేదు ఆకు పొరుగింట పూజాద్రవ్యం కావడం అనువాదకులు ఊహించి ఉండరు.

666 ముద్ర విషయంలో బార్‌కోడు, క్రెడిట్ కార్డు, కోవిడ్ టీకా వరుసగా అనుమానానికి గురయ్యాయి. మిజోరంలో కొందరు క్రైస్తవులు ఈ కారణంతోనే ఆధార్ నమోదుకు అభ్యంతరం చెప్పారు. యోహాను వాడిన గ్రీకు మాట నాడు దస్తావేజులపై వేసే చక్రవర్తి ముద్రకు, నాణెంపై అచ్చుకు వాడుకలో ఉన్నది. ‘నీరో కైసరు’ అన్న పేరును హీబ్రూ అక్షరాలలో వ్రాసి వాటి సంఖ్యలు కూడితే 666 వస్తుంది. చివరి అక్షరం లేని రూపానికి 616 వస్తుంది. కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అనే ఉన్నది. మొదటి శతాబ్ది పాఠకులకు ఆ మృగం రెండువేల ఏండ్ల తరువాతి యంత్రం కాదు, తమ మెడపై కూర్చున్న సామ్రాజ్యం.

5. కాలజ్ఞానం విన్న చెవులు

ఈ బోధకు రాయలసీమలో దొరికిన ఆదరణను మిషన్ చరిత్రతో మాత్రమే వివరించలేము. ఇది పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం పలికిన సీమ. బనగానపల్లె దగ్గర రవ్వలకొండ, యాగంటి బసవన్న, కందిమల్లాయపల్లె మఠం ఇక్కడి జనజీవనంలో భాగం. ఏ విడ్డూరం జరిగినా ‘బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు’ అనడం మతభేదం లేని నానుడి. ఒక స్త్రీ పదహారేండ్లు ఏలుతుందన్న మాటను ఇందిరాగాంధీకి అన్వయించడం అందరికీ తెలిసిందే. సంఘటన జరిగిన తరువాత వాక్యం వెదకడం, సరిపోయినది గుర్తుంచుకొని సరిపోనిది విడిచిపెట్టడం రెండు చోట్లా ఒకటే. క్రైస్తవుడైన రైతు ఈ శ్రవణ సంస్కారాన్ని వదలి చర్చిలో అడుగుపెట్టడు.

అయితే ఒక భేదమున్నది. కాలజ్ఞానపు అన్వయాలు చాలావరకు ఊరి చుట్టూ, వర్ణధర్మాల తారుమారు చుట్టూ, వానలూ వ్యాధుల చుట్టూ తిరుగుతాయి. యుగవిభజన బోధకు మాత్రం కేంద్రం యెరూషలేము. కదిరి కొండల నడుమ కూర్చున్న శ్రోతకు అది తన జీవితాన్ని ప్రపంచ చరిత్రతో ముడివేసి చూపుతుంది. అంటరానితనం అనుభవించిన సమూహాల నుండి వచ్చిన విశ్వాసికి తాను విశ్వచరిత్ర చివరి అంకంలో పాత్రధారిననే స్పృహ చిన్నది కాదు. ఈ బోధను అజ్ఞానమని కొట్టివేసే విమర్శకులు ఈ గౌరవాన్ని లెక్కలోకి తీసుకోరు.

6. ‘ఎత్తబడుట’, ‘ఎదుర్కొనుట’

సంఘం ‘ఎత్తబడుట’ తెలుగు క్రైస్తవులందరికీ పరిచితమైన మాట. దీనికి ప్రధానాధారం 1 థెస్సలొనీకయులకు 4:17. విశేషమేమంటే తెలుగు పాత అనువాదంలో ఆ వాక్యపు క్రియ ‘ఎత్తబడు’ కాదు, ‘కొనిపోబడు’. అదే వాక్యంలో ఉన్న మరొక మాట ‘ఎదుర్కొనుట’. బోధలో మొదటి క్రియ మారి స్థిరపడింది. రెండవది మరుగున పడింది.

‘ఎదుర్కొనుట’కు మూలమైన గ్రీకు పదం ‘అపాంతేసిస్’. రాజు గాని అధికారి గాని నగరానికి వస్తున్నప్పుడు పౌరులు ఊరి వెలుపలికి వెళ్ళి, స్వాగతం పలికి, ఆయనను వెంటబెట్టుకొని ఊరిలోకి తిరిగి వచ్చే మర్యాదకు అది వాడుక. కొత్త నిబంధనలో ఈ పదం మరి రెండు చోట్లనే కనబడుతుంది. పెండ్లికుమారునికి ఎదురువెళ్ళిన కన్యకల ఉపమానం ఒకటి (మత్త. 25:6), రోము నుండి పౌలుకు ఎదురువచ్చిన సహోదరుల వృత్తాంతం ఒకటి (అపొ. 28:15). కన్యకలు పెండ్లికుమారునితో విందు ఇంటికి వెళ్ళారు. సహోదరులు పౌలుతో రోముకు తిరిగి వచ్చారు. నాల్గవ శతాబ్ది చివర క్రిసోస్తొము థెస్సలొనీక వాక్యాన్ని ఈ స్వాగతపు పోలికతోనే వివరించాడు.

ఇతర భాషల వ్యాఖ్యాతలు పుటలకొద్దీ వివరించవలసిన ఈ ఆచారం తెలుగు పాఠకుడికి వివరణ అవసరం లేనిది. పెండ్లిళ్ళలో ‘ఎదురుకోలు’ చూడని వారెవరు? మగపెండ్లివారు ఊరి పొలిమేరకు చేరగానే ఆడపెండ్లివారు మేళతాళాలతో ఎదురువెళ్ళి, పానకం ఇచ్చి, విడిదికి తోడ్కొని వస్తారు. ఎదురుకోలుకు వెళ్ళినవారు పెండ్లికొడుకుతో కలిసి అతని ఊరికి పారిపోరు. ఈ పోలికను అనుసరిస్తే విశ్వాసులు ప్రభువును ఎదుర్కొని ఆయనతో ఈ భూమికే తిరిగి వస్తారు. డార్బీ చెప్పిన, ఏడేండ్లు భూమిని విడిచిపోయే ఏర్పాటు ఈ వాక్యంలో లేదు. వెయ్యేండ్ల పాలనకు ముందే రాకడ అని నమ్మిన జార్జ్ ఎల్డన్ లాడ్ వంటి పండితులు సైతం శ్రమలకు ముందే రహస్యంగా ఎత్తబడటమన్న వాదాన్ని అంగీకరించలేదు.

లోకాన్ని విడిచిపోయేవాడికి లోక రాజకీయం ఒక గడియారం మాత్రమే. ఈ భూమికే తిరిగి వచ్చేవాడికి ఇక్కడి నీరు, నేల, న్యాయం సొంత వ్యవహారాలు. ఒక క్రియాపదం ఎంపికపై ఇంత ఆధారపడి ఉన్నది.

7. సేరు గోధుమలు

మత్తయి 24వ అధ్యాయంలో యుద్ధాలతో పాటు కరువులూ ఉన్నాయి. ప్రకటన 6వ అధ్యాయంలో నల్లని గుఱ్ఱంపై త్రాసు పట్టుకొని వచ్చేవాడున్నాడు. అక్కడ దేనారానికి ఒక సేరు గోధుమలు. దేనారం ఒక కూలి దినవేతనం (మత్త. 20:2), ఆ గ్రీకు కొలత ఒక మనిషి దినభత్యం. అంటే కూలివాడి రోజంతటి కష్టం అతని ఒక్కడి తిండికి సరి, ఆలుబిడ్డలకు మిగలదు. నూనెకు, ద్రాక్షారసానికి మాత్రం హాని లేదు. అనువాదకులు ‘సేరు’ అన్న మాట ఎంచుకోవడంతో ఆ దర్శనం నేరుగా సంత అంగడిలోకి వచ్చి కూర్చున్నది.

ఈ ప్రాంతపు ముందు తరాలకు ఇది దర్శనం కాదు, జ్ఞాపకం. 1876–78 నాటి ధాత కరువులో, నాటికి బళ్ళారి జిల్లాలోనే ఉన్న ఈ తాలూకాలు చెప్పరాని బాధలు పడ్డాయి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కరువు పని కూలి మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ అది ప్రాణం నిలవడానికి చాలదని వాదించాడు. అదే కాలంలో దేశం నుండి ధాన్యం ఎగుమతి ఆగలేదు. నల్ల గుఱ్ఱపు రౌతు చేతి త్రాసును గుర్తుపట్టడానికి ఆ తరానికి మధ్యప్రాచ్య పటం అవసరం లేకపోయింది. ఆ కరువు ముగిసే వేళ, 1878 జూలై 3న, ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు క్రైస్తవ సంఘపు పుట్టుకలో అంత్యకాల వాక్యాలకు, ఆకలికి ఉన్న ఈ బంధం నేటి ప్రవచన బోధలో దాదాపు కనుమరుగైంది. ఎండిన బోర్లు, వేరుశనగ అప్పులు, బెంగళూరుకు వలసలు ఇప్పటికీ ఈ ప్రాంతపు నిజాలే. అయినా ‘సూచనలు’ అనగానే తెరమీద కనబడేది క్షిపణి.

8. ఇశ్రాయేలు, ఇజ్రాయెల్, పొరుగువారు

తెలుగు లిపి ఒక మంచి భేదాన్ని కాపాడుతున్నది. బైబిలు ‘ఇశ్రాయేలు’ అంటుంది, పత్రికలు ‘ఇజ్రాయెల్’ అంటాయి. మొదటిది నిబంధన జనం. రెండవది 1948 మే 14న ప్రకటితమై, ఎన్నికలు, సైన్యం, ప్రతిపక్షం ఉన్న ఆధునిక రాజ్యం. రోమీయులకు 9వ అధ్యాయంలో పౌలు పడిన వేదన మొదటి దానిని గురించి. దానిని రెండవ దాని విదేశాంగ విధానానికి ఆమోదంగా మార్చడం తర్కం కాదు, అక్షర దోషం వంటిది. యూదులపై శతాబ్దాల పాటు క్రైస్తవ ఐరోపా చేసిన హింసను గుర్తుంచుకొని ఇశ్రాయేలు పట్ల గౌరవం చూపడం వేరు. ఒక ప్రభుత్వ చర్యలన్నిటినీ ప్రవచన నెరవేర్పుగా ప్రశ్నకు అతీతం చేయడం వేరు.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రికులకు ఇచ్చే సాయాన్ని మూడు లక్షల లోపు వార్షికాదాయం ఉన్నవారికి 60,000 రూపాయలకు, ఇతరులకు 30,000 రూపాయలకు పెంచింది. ఆ నేలపై తరతరాలుగా ఉన్న పాలస్తీనా క్రైస్తవుల మాట మాత్రం తెలుగు వేదికలపై అరుదు. 2006 ఆగస్టులో యెరూషలేము లాటిన్ పితృపాలకుడు మిషెల్ సబ్బా, మరి ముగ్గురు సంఘాధ్యక్షులు క్రైస్తవ జియోనిజాన్ని తప్పుడు బోధగా నిరాకరించారు. 2009 డిసెంబరులో పాలస్తీనా క్రైస్తవులు ‘కైరోస్’ పత్రం వెలువరించారు. 2023 అక్టోబరు 19న గాజాలోని ప్రాచీన సెయింట్ పోర్ఫీరియస్ చర్చి ఆవరణపై దాడిలో అక్కడ తలదాచుకొన్న క్రైస్తవులు మరణించారు. ఏ ప్రవచన పటంలోనూ వీరికి గడి లేదు.

అంతకంటె దగ్గరి విషయం పెనుకొండలో ఉన్నది. బాబయ్య దర్గా ఉరుసుకు హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్ళే ఊరది. హిందూపురం అంగళ్ళలో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. ఇరాన్, టర్కీ, లిబియా పేర్లు గోగు సైన్యంగా ధ్వనివర్ధకంలో వినబడినప్పుడు, ఆ పేర్లు ఆ వీధిలోనే ఉన్న ముస్లిము ఇంటి గడపపై వాలతాయి. ఆ ఇంటివారికీ యాజూజ్, మాజూజ్ తెలుసు (ఖురాను 18, 21 సూరాలు); ఈసా తిరిగి వస్తాడని వారూ ఎదురుచూస్తున్నారు. ఈ ఉమ్మడి ఎదురుచూపుపై తెలుగులో సంభాషణ ఇంకా మొదలుకావలసి ఉన్నది.

ప్రవచన పటాలలో శత్రువుగా రంగు పూసిన టర్కీ నేలమీదనే ప్రకటన గ్రంథపు ఏడు సంఘాలూ ఉండేవి. పెంతెకొస్తు దినాన యెరూషలేములో అపొస్తలుల మాట విన్నవారి జాబితా పార్తీయులు, మాదీయులు, ఏలామీయులతో, అంటే నేటి ఇరాన్ ప్రాంతపువారితో మొదలవుతుంది (అపొ. 2:9). యెషయా 19:23–25లో ఐగుప్తు నుండి అష్షూరుకు రాజమార్గం ఏర్పడుతుంది. ఇశ్రాయేలు ఆ రెండింటితో మూడవదిగా నిలిచి, ముగ్గురూ కలిసి దీవెన పొందుతారు. ఐగుప్తు నేటి ఈజిప్టు, అష్షూరు నేటి ఉత్తర ఇరాక్. ఇదీ ప్రవచనమే, ఇదీ ఆ దేశాలను గురించినదే.